మచ్చ చూసి పేరు పెట్టలేం

మైపాడు, కోడూరు, తుమ్మలపెంట... నెల్లూరు తీరంలో ఏ ఊరికి వెళ్ళినా ఇళ్ళ ముందు నాలుగు పూలమొక్కలు కనిపిస్తాయి. ఇసుక నేలను, ఉప్పుగాలిని, వేసవిలో నీటి ఎద్దడిని ఓర్చుకుని మందారం, గన్నేరు, నందివర్ధనం, కాగితం పూలు పెరుగుతుంటాయి. అంతటి మొండి మందారం కూడా ఒక్కోసారి పాలిపోతుంది. ఆకుల మీద లేతపసుపు మరకలు వస్తాయి, ఉంగరాల్లాంటి చుట్టలు తేలతాయి, లేదా ఈనెలు ఉబ్బి అంచులు పైకి ముడుచుకుంటాయి. బోరునీళ్ళలో ఉప్పు ఎక్కువై అలా అయిందని పక్కింటివాళ్ళు చెబుతారు. పురుగుమందుల కొట్టులో ఓ సీసా చేతిలో పెడతారు. ఫోనులో ఫోటో చూసిన బంధువు వైరస్ అని తేల్చేస్తాడు. వాళ్ళలో ఎవరి మాటైనా నిజం కావచ్చు. అది నిజమని ఒట్టి ఆకును చూసి రుజువు చేయడం మాత్రం ఎవరి తరమూ కాదు.

మొక్కకు సోకిన వైరస్‌ను గుర్తించాలంటే ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు సాక్ష్యాలు ఒకే దిక్కు చూపాలి. పెరటి పూలమొక్కకు ఇంత తతంగం ఎందుకని అనిపించవచ్చు. వైరస్ ఏ దారిన వ్యాపిస్తుందో దాని పేరు తేలాకే తెలుస్తుంది, ఆ దారి తెలిస్తేనే అడ్డుకట్ట వేయగలం. పేరు పొరబడితే ఎంత నష్టమో అనంతపురం వేరుశనగ రైతులకు 2000 సంవత్సరంలో తెలిసింది. ఆ కథ ముందుంది. దానికి ముందు మన మందారం ఆకును ఇంకొంచెం దగ్గరగా చూద్దాం.

వైరస్ కానివి ముందు

పరిశోధకుడు ఆకును చేతిలోకి తీసుకోగానే వైరస్‌ను వెతకడు. వైరస్ కానివాటిని ఒక్కొక్కటిగా పక్కన పెడతాడు. తీరప్రాంతంలో ఆ జాబితా పెద్దదే.

మొదటిది ఇనుప ధాతు లోపం. గుల్ల, సున్నం కలిసిన ఇసుక నేలల్లో ఇనుము ఉన్నా వేళ్ళకు అందదు. అప్పుడు కొత్త చిగుళ్ళు పసుపెక్కుతాయి. ఈనెలు పచ్చగానే ఉంటాయి, వాటి మధ్య భాగం మాత్రం అంతటా ఒకే తీరుగా పాలిపోతుంది. ఒకే వరసలో ఉన్న మొక్కలన్నీ ఇంచుమించు ఇలాగే కనిపిస్తాయి. అన్నభేది ద్రావణం చల్లితే కొన్నాళ్ళకు పచ్చదనం తిరిగి వస్తుంది. ఉప్పు దెబ్బ తీరు వేరు. ఆకుల కొనలు, అంచులు మాడతాయి, అదీ సముద్రం గాలి తగిలే వైపు ఎక్కువ. పిండినల్లి పట్టిన మందారానికి చిగుళ్ళు గుత్తుగా ముడుచుకుపోతాయి. చూడటానికి అచ్చం వైరస్ ముడతలాగే ఉంటుంది, ముడత విప్పితే లోపల తెల్లటి పిండి కనిపిస్తుంది. ఎర్రనల్లి రసం పీల్చిన ఆకు మీద సూదిమొన లాంటి చుక్కలు పరుచుకుంటాయి. ఇవి కాక ఫైటోప్లాస్మాలనే అతి సూక్ష్మమైన బాక్టీరియా జాతి ఒకటుంది. పువ్వు రావలసినచోట ఆకులు రావడం, కొమ్మలు చీపురులా గుబురు కట్టడం దాని పనులు. ఒకప్పుడు ఈ జబ్బులను కూడా వైరస్ ఖాతాలోనే రాసేవారు. 1967లో జపాన్ శాస్త్రవేత్తలు ఫైటోప్లాస్మాలను సూక్ష్మదర్శినిలో చూశాక లెక్క మారింది.

వైరస్ పట్టిన ఆకులో మరకలకు వరస ఉండదు. ఆకుకు ఒకవైపు ఎక్కువ, మరోవైపు తక్కువ ఉండవచ్చు. ఒక కొమ్మకు పట్టి పక్క కొమ్మను వదిలేయవచ్చు. పోషకాలు చల్లినా అది పోదు. వరసలో ఒక మొక్కకు వచ్చి రెండు మొక్కలు దాటి మరోదానిలో కనిపిస్తుంది. ఇవన్నీ అనుమానానికి చాలుతాయి, తీర్పుకు చాలవు.

పూలమొక్కల్లో ఇంకో చిక్కు ఉంది. రంగురంగుల ఆకులే వాటి అందం. క్రోటన్ ఆకుల రంగులు మొక్క జన్యువుల్లోంచి వచ్చినవే. తెలుపు, గులాబీ మరకలున్న ఆకులతో వచ్చే మందారం రకం కూడా అలాంటిదే. అదే మందారం కుటుంబానికి చెందిన అబుటిలాన్ సంగతి వేరు. మన తుత్తురబెండ కూడా ఆ ప్రజాతిదే. 1868లో వెస్టిండీస్ నుంచి ఇంగ్లండుకు వచ్చిన అబుటిలాన్ మొక్కల్లో ఒకదానికి పసుపు చిత్తరువుల ఆకులు కనిపించాయి. వీచ్ నర్సరీ వాళ్ళు దాన్ని అంట్లు కట్టి అమ్మారు, యూరప్ అంతటా తోటల్లోకి చేరింది. మరకల మొక్కను మామూలు మొక్కకు అంటు కడితే దానికీ మరకలు వస్తున్నాయని తోటమాలులు గమనించారు. జర్మన్ వృక్షశాస్త్రవేత్త ఎర్విన్ బౌర్ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆ గుణం విత్తనం ద్వారా కాకుండా అంటు ద్వారా వస్తోందని ప్రయోగాలతో చూపాడు. జనం డబ్బిచ్చి కొనుక్కుంటున్న ఆ అందం ఒక వైరస్ పెట్టిన జబ్బు. దాని పేరు అబుటిలాన్ మొజాయిక్ వైరస్.

అనంతపురం పాఠం

2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లా వేరుశనగ చేలల్లో లేత ఆకుల మీద గోధుమరంగు మచ్చలు కనిపించాయి. అవి తొడిమల్లోకి, కాండంలోకి పాకి, మొవ్వు ఎండి, మొక్కలు నిలువునా చచ్చిపోయాయి. సుమారు 2.25 లక్షల హెక్టార్లు దెబ్బతిన్నాయి. నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని అంచనా.

మొదట అందరూ అనుకున్నది మొవ్వుకుళ్ళు తెగులని. వేరుశనగలో అది అప్పటికే తెలిసిన జబ్బు, లక్షణాలూ దగ్గరగా ఉన్నాయి. ఆ మొవ్వుకుళ్ళు వైరస్ చరిత్రలోనే ఒక పొరపాటు ఉంది. దాన్ని చాలాకాలం టమాటా స్పాటెడ్ విల్ట్ వైరస్ అనుకున్నారు. అది వేరే వైరస్ అని, వేరుశనగ మొవ్వుకుళ్ళు వైరస్‌గా ప్రత్యేకంగా చూడాలని డి.వి.ఆర్. రెడ్డి ఆధ్వర్యంలోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థ వైరాలజీ బృందం 1992లో రుజువు చేసింది.

2000లో జబ్బుపడ్డ మొక్కల నమూనాలు పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌కు చేరాయి. మొవ్వుకుళ్ళు వైరస్‌ను పట్టే యాంటీబాడీలతో పరీక్ష చేస్తే జవాబు రాలేదు. టొబాకో స్ట్రీక్ వైరస్‌ యాంటీబాడీలతో చేస్తే వచ్చింది. ఈ వైరస్‌ను 1936లోనే అమెరికాలో పొగాకు మీద వర్ణించారు. మన దేశంలో అంతకు కొద్ది ఏళ్ళ ముందే పొద్దుతిరుగుడును ఎండగొట్టిన జబ్బు వెనక ఉన్నదీ ఇదే. పరిశోధకులు యాంటీబాడీ పరీక్షతో ఆగలేదు. ఆకురసాన్ని ఆరోగ్యమైన మొక్కలకు రుద్ది అవే లక్షణాలు రప్పించారు. అలసంద ఆకుల మీద మచ్చలు వస్తాయా అని చూశారు. వైరస్ కణాలను శుద్ధి చేశారు, దాని పైతొడుగు ప్రొటీన్ జన్యువును చదివారు. అన్నీ ఒకే పేరు చెప్పాయి. జబ్బుకు కాండం కుళ్ళు తెగులని పేరు స్థిరపడింది.

పేరు మారగానే వైరస్ తిరిగే దారి కూడా మారింది. రెండు వైరస్‌లనూ మోసేవి తామర పురుగులే, మోసే తీరు మాత్రం పూర్తిగా వేరు. మొవ్వుకుళ్ళు వైరస్ తామర పురుగు ఒంట్లోకి వెళ్ళి అక్కడే పెరుగుతుంది. పిల్లదశలో దాన్ని అందుకున్న పురుగు బతికున్నంతకాలం పంచుతూనే ఉంటుంది. టొబాకో స్ట్రీక్ వైరస్ అలా చేయదు. అది పుప్పొడిలో ఉంటుంది. వైరస్ ఉన్న పుప్పొడి గాలికో, పురుగు ఒంటికి అంటుకునో వేరుశనగ ఆకు మీద పడుతుంది. ఆ పురుగే ఆకును గీకి రసం పీల్చినప్పుడు పడ్డ గాయంలోంచి వైరస్ లోపలికి దిగుతుంది.

ఆ పుప్పొడి ఎక్కడిది? జాతీయ వృక్ష జన్యువనరుల సంస్థ హైదరాబాద్ కేంద్రానికి చెందిన ఆర్.డి.వి.జె. ప్రసాదరావు, ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు కలిసి దాని జాడ వెతికారు. గట్ల మీద, బీళ్ళలో, రోడ్ల పక్కన విరగబూసే వయ్యారిభామ దగ్గర అది దొరికింది. వైరస్ ఉన్నా వయ్యారిభామ మీద ఏ లక్షణమూ కనిపించదు. పచ్చగా ఉంటుంది, నెలల తరబడి పూస్తుంది, పుప్పొడి వెదజల్లుతుంది. కనుక చేలో ఎండిన వేరుశనగ మొక్కలను పీకడం వల్ల ఒరిగేది తక్కువ. వయ్యారిభామను పూత రాకముందే తీయడం, చేను చుట్టూ జొన్నో సజ్జో దట్టంగా వేసి గాలికి వచ్చే పుప్పొడిని, పురుగులను ఆపడం పనికొచ్చే పద్ధతులు. మొవ్వుకుళ్ళు అనుకుంటూ కూర్చుంటే ఈ జవాబు దొరికేది కాదు.

జిగురు ఆకుతో పరీక్ష

ఇప్పుడు మందారం సంగతి. ప్రయోగశాలకు పంపే నమూనా ఎలా తీశామన్నదాని మీదే సగం ఫలితం ఆధారపడి ఉంటుంది. పూర్తిగా ఎండిన ఆకు ఎందుకూ పనికిరాదు. లక్షణాలు అప్పుడే మొదలైన లేత ఆకులు కావాలి. వాటితోపాటు అదే పెరట్లోని ఆరోగ్యమైన మొక్క ఆకులు కూడా పంపాలి. పోల్చడానికి అవి లేకపోతే పరీక్ష ఏం చెప్పినా నమ్మలేం. ఆకులను సంచిలో పెట్టి మంచు డబ్బాలో పంపాలి. నెల్లూరు ఎండలో ఒక పూట కారులో వదిలేస్తే వైరస్ జన్యుపదార్థం పాడైపోతుంది.

మందారంతో మరో ఇబ్బంది ఉంది. తలంటుకు మనం మెత్తగా నూరి వాడుకునే మందారం ఆకులోని జిగురే ప్రయోగశాలలో అడ్డం తిరుగుతుంది. ఆకులోంచి డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ తీసేటప్పుడు జిగురులోని పాలీశాకరైడ్లు వాటికి అంటుకుని వస్తాయి, తర్వాత జరిగే ఎంజైమ్ చర్యలను ఆపేస్తాయి. అప్పుడు పరీక్షలో వైరస్ లేదని వచ్చినా అది నిజం కాకపోవచ్చు. అందుకే మొక్క సొంత జన్యువు ఒకదాన్ని కూడా పక్కనే పరీక్షిస్తారు. అది కూడా పలకకపోతే లోపం నమూనా తయారీలో ఉన్నట్టు.

పాతకాలపు పరీక్ష ఇప్పటికీ విలువైనదే. అనుమానపు ఆకును బఫరు ద్రావణంలో నూరి, ఆ రసాన్ని సన్నటి కార్బొరండం పొడి చల్లిన మరో మొక్క ఆకుకు మెల్లగా రుద్దుతారు. పొడి గీసిన గీతల్లోంచి వైరస్ లోపలికి పోతుంది. అలసంద, కీనోపోడియం, కొన్ని పొగాకు జాతులు ఇందుకు పనికొచ్చే సూచిక మొక్కలు. 1929లో అమెరికాలో ఫ్రాన్సిస్ హోమ్స్ ఒక పొగాకు జాతి ఆకు మీద వైరస్ విడివిడి మచ్చలు పెడుతుందని, మచ్చల లెక్కతో వైరస్ మోతాదును అంచనా వేయొచ్చని చూపాడు. ఇలాంటి సూచిక మొక్క నెల్లూరు వాళ్ళకు కొత్తదేమీ కాదు. బత్తాయి, నారింజ తోటలను ప్రపంచమంతటా పాడుచేసిన ట్రిస్టెజా వైరస్‌ను పట్టడానికి అంతర్జాతీయంగా వాడే సూచిక మొక్క గూడూరు తోటల్లో పండే పుల్లనిమ్మ జాతిదే. అంటు కట్టిన కొంతకాలానికి దాని లేత ఆకు ఈనెల్లో వెలుతురుకు ఎత్తి చూస్తే తెల్లటి తునకలు కనిపిస్తాయి.

ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో వైరస్ రూపం తెలుస్తుంది. 1939లో జర్మనీలో తొలిసారి పొగాకు మొజాయిక్ వైరస్‌ను ఇలా చూశారు. దాని కణం సుమారు 300 నానోమీటర్ల పొడవున్న కడ్డీ. నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షలో వంతు. మందారంలో ఉంగరపు మచ్చలు పెట్టే వైరస్ కణం 30 నానోమీటర్ల లోపు గుండ్రటి బంతి. ఆకుముడత తెచ్చే బెగోమోవైరస్ కణం జంట బంతులు అతుక్కున్నట్టు ఉంటుంది. రూపం కుటుంబాన్ని చెబుతుంది. కుటుంబంలో ఏ వైరస్ అన్నది చెప్పదు.

తర్వాతిది ఎలైసా. 1977లో క్లార్క్, ఆడమ్స్ అనే శాస్త్రవేత్తలు దీన్ని మొక్కల వైరస్‌లకు అన్వయించారు. కుందేలులో తయారైన యాంటీబాడీ వైరస్ పైతొడుగును పట్టుకుంటుంది. దానికి తగిలించిన ఎంజైమ్ ద్రావణాన్ని పసుపు రంగుకు తిప్పుతుంది. చవక, ఒక్కసారే వందల నమూనాలు చూడొచ్చు. అనంతపురంలో తొలి ఆచూకీ ఇచ్చింది ఇదే. దీనికీ హద్దు ఉంది. బెగోమోవైరస్‌ల పైతొడుగులు ఒకదానితో ఒకటి చాలా పోలి ఉంటాయి కాబట్టి బెండ వైరస్ యాంటీబాడీకి పత్తి వైరస్ కూడా పలుకుతుంది.

అందుకే చివరికి జన్యువును చదవాలి. పీసీఆర్‌తో వైరస్ జన్యువులో చిన్న ముక్కను కోట్ల ప్రతులు తీసి వరస చూస్తారు. గుండ్రటి డీఎన్‌ఏ ఉన్న బెగోమోవైరస్‌లకైతే ఏ వైరస్సో ముందు తెలియకపోయినా మొత్తం వలయాన్ని ప్రతులు తీసే పద్ధతి 2004 నుంచి వాడుకలో ఉంది. 2009 ప్రాంతంలో ఇంకో మలుపు వచ్చింది. ఆకులో ఉన్న జన్యుపదార్థం మొత్తాన్ని ఒకేసారి చదివి, అందులోంచి మొక్కవి తీసేసి, మిగిలినవాటిలో వైరస్‌లు వెతికే పద్ధతి మొక్కల వైరాలజీలోకి వచ్చింది. ఏ వైరస్‌ను వెతకాలో ముందుగా ఊహించాల్సిన అవసరం దీనితో తప్పింది.

మందారంలో ఎవరెవరు

మందారంలో బాగా అధ్యయనం చేసిన వైరస్‌లను చూస్తే ఒకే లక్షణం వెనక ఎన్ని దారులున్నాయో అర్థమవుతుంది. మొదటిది హైబిస్కస్ క్లోరోటిక్ రింగ్‌స్పాట్ వైరస్. ఎల్ సాల్వడార్ నుంచి అమెరికాకు వచ్చిన మందారాల్లో దీన్ని గుర్తించి 1976లో వర్ణించారు. దాని ఆర్‌ఎన్‌ఏ పొడవు సుమారు 3,900 అక్షరాలు. దీన్ని మోసే పురుగేదీ ఇంతవరకు తేలలేదు. కొమ్మలు కత్తిరించే కత్తెరకు అంటిన రసం ద్వారా, వైరస్ ఉన్న కొమ్మను నాటడం ద్వారా ఇది పాకుతుంది.

రెండో గుంపు పొగాకు మొజాయిక్ వైరస్ బంధువులు. వీటిలో ఒకటి ఫ్లోరిడాలోని ఫోర్ట్ పియర్స్‌లో, ఇంకొకటి సింగపూర్‌లో బయటపడ్డాయి. వాటి పేర్లలో కూడా ఆ ఊళ్ళున్నాయి. ఇవి తరచు లక్షణాలేమీ చూపకుండా దాక్కుంటాయి. కడ్డీ ఆకారపు ఈ కణాలు చాలా గట్టివి. ఎండిన ఆకులో, కత్తెర మీద, చేతుల మీద చాలాకాలం చెడకుండా ఉంటాయి.

మూడో రకం తెల్లదోమ మోసే బెగోమోవైరస్‌లు. బెండలో పల్లాకు తెగులు, గోగులో పసుపు ఈనెలు, పత్తిలో ఆకుముడత వీటి పనే. 1990లలో పాకిస్తాన్ పంజాబ్‌లో, ఆ తర్వాత మన దేశపు వాయవ్య రాష్ట్రాల్లో పత్తిని ఈ ముడత అతలాకుతలం చేసింది. 2006లో చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో రోడ్ల పక్కన నాటిన మందారాల్లో ఆకుముడత కనిపించింది. జన్యువు చదివితే అది పత్తి ఆకుముడత ముల్తాన్ వైరస్ అని తేలింది. అంతకుముందు చైనాలో ఆ వైరస్ లేదు. కొన్నేళ్ళకు దక్షిణ చైనా బెండ, పత్తి మొక్కల్లో కూడా అది కనిపించింది. నగర శోభ కోసం పెట్టిన పొద పంటల వైరస్‌కు ఏడాది పొడవునా ఆశ్రయం ఇచ్చింది.

ఒక మందారంలో వీటిలో రెండు మూడు కలిసి ఉన్నా ఆశ్చర్యం లేదు. పత్తి, బెండ ఒక సీజను ఉండి పోతాయి. మందారం పదేళ్ళు ఉంటుంది. ఆ పదేళ్ళలో వచ్చి చేరిన వైరస్‌లు అందులోనే ఉండిపోతాయి, దాని నుంచి తీసిన ప్రతి కొమ్మతో కొత్త ఇంటికి చేరుకుంటాయి.

దొరికినంత మాత్రాన దోషి కాదు

ఒకే ఆకులో మూడు వైరస్‌లుంటే జబ్బు తెచ్చింది ఏది? ఇది గుర్తింపులో అన్నిటికంటే కష్టమైన ప్రశ్న. రాబర్ట్ కాఖ్ బాక్టీరియాకు పెట్టిన నియమాలను 1937లో థామస్ రివర్స్ వైరస్‌లకు తగినట్టు సవరించాడు. సారాంశం తేలికే. అనుమానపు వైరస్‌ను విడదీయాలి, ఆరోగ్యమైన మొక్కలోకి దాన్ని మాత్రమే ఎక్కించాలి, అదే జబ్బు రావాలి, ఆ మొక్కలోంచి అదే వైరస్ మళ్ళీ దొరకాలి.

బెండ పల్లాకు తెగులు ఈ పరీక్షలో ఎలా తికమకపెట్టిందో చూడండి. ఈ జబ్బును మన దేశంలో 1924లోనే వర్ణించారు. తెల్లదోమ మోస్తుందని, బెగోమోవైరస్ ఉందని తేలింది. తీరా ఆ వైరస్ డీఎన్‌ఏను శుద్ధంగా బెండలోకి ఎక్కిస్తే అసలు జబ్బు సరిగ్గా రాలేదు. 2003లో మదురై కామరాజ్ విశ్వవిద్యాలయానికి చెందిన జోస్, ఉష దాని వెనక ఇంకో చిన్న డీఎన్‌ఏ వలయం ఉందని చూపారు. వైరస్ వలయం 2,700 అక్షరాల పైన ఉంటే ఇది దానిలో సగమే. బీటాశాటిలైట్ అంటారు. సొంతంగా ప్రతులు తీసుకోలేదు, వైరస్ మీద ఆధారపడుతుంది. ఈ రెండిటినీ కలిపి ఎక్కిస్తే పసుపు ఈనెల జబ్బు పూర్తిగా వచ్చింది. పత్తి ఆకుముడతలో కూడా ఇలాంటి భాగస్వామి ఉందని 2001లోనే రుజువైంది. కనుక ముడుచుకున్న మందారం ఆకులో వైరస్ దొరికిందని పరీక్ష ఆపేస్తే సగం కథే చదివినట్టు.

పీసీఆర్ పలికిందని జబ్బు ఉన్నట్టూ కాదు. అరటికి సోకే స్ట్రీక్ వైరస్ ముక్కలు కొన్ని అరటి మొక్క సొంత జన్యువుల్లోనే ఇమిడి ఉంటాయి. వైరస్ లేకపోయినా పరీక్ష ఉందంటుంది. మన కాగితం పూల మొక్కల్లో ఈనెల వెంట పసుపు పట్టీలు తెచ్చే వైరస్ కూడా అదే బాడ్నావైరస్ ప్రజాతిది. అలాంటి చోట సూక్ష్మదర్శినిలో కణాలు చూడటం, అంటుకట్టి చూడటం తప్పనిసరి.

అన్ని సాక్ష్యాలూ కుదిరాక పేరు ప్రశ్న వస్తుంది. దొరికింది తెలిసిన వైరసా, కొత్తదా? అంతర్జాతీయ వైరస్ వర్గీకరణ సంఘం ఒక్కో ప్రజాతికి ఒక్కో గీత గీసింది. బెగోమోవైరస్ అయితే మొత్తం జన్యువు తెలిసినవాటితో 91 శాతం కంటే తక్కువ కలిస్తే కొత్త జాతి. పొలాల మధ్య గట్టు లాంటిది ఆ గీత, భూమిలోంచి మొలవలేదు, హద్దు తగవులు రాకుండా మనుషులు ఒప్పుకుని వేసుకున్నది. 2015కు ముందు ఆ గట్టు 89 దగ్గర ఉండేది. గట్టు జరిగినా మొక్కలోని జబ్బు మారదు. కాబట్టి కొత్త వైరస్ దొరికిందన్న వార్త చదివినప్పుడు దానికి ఏ ఏ మొక్కలు లొంగుతాయి, ఎవరు మోస్తారు, ఒంటరిగా జబ్బు తెస్తుందా అని అడగాలి. శాస్త్రవేత్తలు లక్షణ నిర్ధారణ అనేది ఆ జవాబుల మొత్తాన్నే.

నర్సరీ దగ్గరే పట్టాలి

వైరస్ పట్టిన మొక్కను నయం చేసే మందు కొట్టులో దొరకదు. పురుగుమందు తెల్లదోమను చంపుతుంది, మొక్కలో ఉన్న వైరస్‌ను ముట్టుకోదు. ఉంగరపు మచ్చల వైరస్‌కు మోసే పురుగే తేలలేదు, అక్కడ పురుగుమందు శుద్ధ దండగ. దానికి చేయాల్సింది కత్తెర శుభ్రం. మొక్కకూ మొక్కకూ మధ్య కత్తెరను పాలపొడి కలిపిన నీళ్ళలోనో, బ్లీచ్ నీళ్ళలోనో ముంచాలి. పాలలోని ప్రొటీన్ వైరస్ కణాలకు అంటుకుని వాటి పట్టు తప్పిస్తుంది. తెల్లదోమ మోసేదైతే మొక్కను వేళ్ళతో తీసి, దగ్గర్లో బెండ, గోగు ఉంటే వాటిని కూడా చూసుకోవాలి. పుప్పొడితో వచ్చేదైతే పక్కనున్న వయ్యారిభామను పూత రాకముందు తీయాలి. పేరు ఏదైతే పని అది.

మొక్కలోంచి వైరస్‌ను తప్పించే దారి ఒకటుంది. 1952లో ఫ్రాన్స్‌లో మొరెల్, మార్టిన్ అనే ఇద్దరు జబ్బుపడ్డ డాలియా చిగురు చివరనున్న కణజాలాన్ని అతి చిన్న ముక్కగా కోసి, పోషక ద్రావణంలో పెంచి, వైరస్ లేని మొక్కలు సాధించారు. చిగురు చివరి కణాలు చాలా వేగంగా విభజన చెందుతాయి, అక్కడికి వైరస్ ఆలస్యంగా చేరుతుంది. ఇవాళ అరటి, ఆలుగడ్డ, చెరకు నుంచి అలంకరణ మొక్కల దాకా వైరస్ లేని మొక్కల తయారీకి ఇదే పునాది. ఇది పెరట్లో చేసే పని కాదు, తల్లిమొక్కల దగ్గర చేయాల్సిన పని.

నెల్లూరు తీరపు పెరళ్ళకు వచ్చే పూలమొక్కల్లో చాలావరకు కడియం, కడియపులంక నర్సరీల నుంచి లారీల్లో దిగినవే. ఒక తల్లిమొక్క నుంచి వేల కొమ్మలు తీస్తారు. ఆ తల్లిలో వైరస్ ఉంటే కొమ్మలన్నిట్లో ఉంటుంది, కొన్నవాళ్ళకు నెలల తర్వాత గాని తెలియదు. భారత వ్యవసాయ పరిశోధన మండలి పూలసాగు పరిశోధన విభాగానికి కడియం పక్కనే వేమగిరిలో ప్రాంతీయ కేంద్రం ఉంది. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో వైరాలజీ విభాగం ఉంది. చీనీ, నిమ్మ వైరస్‌ల మీద అక్కడ ఏళ్ళ తరబడి పని జరిగింది. తల్లిమొక్కలను ఏటా ఎలైసాతో జల్లెడ పట్టి, అనుమానం ఉన్నవాటిని పీసీఆర్‌కు పంపే నైపుణ్యం ఈ రాష్ట్రంలో ఉంది. దాన్ని పంటలకు వాడినట్టు పూలమొక్కల వ్యాపారానికి కూడా అలవాటు చేయాలి. నర్సరీకి ఖర్చు తల్లిమొక్కకు ఏటా ఒక పరీక్ష, లాభం కొమ్మకొమ్మకూ.

ఇంట్లో మొక్కలు పెంచుకునేవాళ్ళు చేయగలిగింది కూడా ఉంది. కొత్తగా తెచ్చిన మందారాన్ని మూడు నాలుగు వారాలు మిగతావాటికి దూరంగా పెట్టి, చిగుళ్ళు గమనించాలి. కొనేటప్పుడు ఆకు అడుగు తిప్పి తెల్లదోమ, పిండినల్లి చూడాలి. మరకలు కనిపిస్తే ముందు అన్నభేది ప్రయత్నించి, మారకపోతే మరకల ఆకులు, మంచి ఆకులు రెండూ తీసుకుని నెల్లూరు కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్ళి అడగాలి. వ్యాపించే దారి తెలిసేదాకా ఆ మొక్క నుంచి ఎవరికీ కొమ్మ ఇవ్వకూడదు. పూలమొక్కల కొమ్మలు ఇచ్చిపుచ్చుకోవడం మన ఇళ్ళలో పెద్ద మర్యాద. పరీక్ష జరిగేదాకా ఆ మర్యాదను కొద్దిరోజులు వాయిదా వేస్తే ఎవరూ ఏమీ అనుకోరు.